షేక్ అంటే ఎంతసేపు? అణుశాస్త్రంలో గొర్రెపిల్ల తోక ఊపు

క్లుప్తంగా: షేక్ అంటే 10 నానోసెకన్లు, అంటే సెకనులో పది కోట్లవ వంతు. ఇది అధికారిక ప్రమాణం కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసినవాళ్ల నోట పుట్టిన మాట. బాంబులో ఒక కేంద్రకం చీలడానికీ, దాన్నుంచి వచ్చిన న్యూట్రాన్ మరో కేంద్రకాన్ని చీల్చడానికీ మధ్య పట్టే సమయం దాదాపు ఇంతే. అందుకే అక్కడ షేక్‌లు లెక్కపెట్టడమంటే గొలుసులో లంకెలు లెక్కపెట్టడమే. అణు విద్యుత్తు తయారుచేసే రియాక్టర్‌లో ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది.

అణుశాస్త్రం గురించి వచ్చే వ్యాసాల్లో, వీడియోల్లో అప్పుడప్పుడు "80 షేక్‌లలో అంతా అయిపోయింది" లాంటి వాక్యం ఎదురవుతుంది. తెలుగు పాఠకుడికి షేక్ అనగానే తెలిసినవాళ్ల ఇంటిపేరో, జ్యూస్ షాపులో గ్లాసో గుర్తుకొస్తుంది కానీ కాలం గుర్తుకు రాదు. బడి పుస్తకాల్లోని ప్రమాణాల పట్టికలో వెతికినా దొరకదు. అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థ దీన్ని ఏనాడూ గుర్తించలేదు. అయినా ఎనభై ఏళ్లుగా ఈ మాట చెలామణీలోనే ఉంది.

తోక ఊపు లెక్క

ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు "గొర్రెపిల్ల తోక రెండుసార్లు ఊపేలోగా" అనే నానుడి ఉంది. మనం చిటికెలో అంటాం, రెప్పపాటులో అంటాం. వాళ్లు తోకను పట్టుకున్నారు. పాలు తాగేటప్పుడు గొర్రెపిల్ల తోకను గబగబా ఆడిస్తుంది. పొడవాటి తోకలుండే ఇంగ్లండు జాతుల్లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొట్టిగా, సన్నగా ఉండే నెల్లూరు గొర్రె తోకను చూసి ఈ నానుడి పుట్టి ఉండేది కాదు.

1943లో న్యూమెక్సికోలోని లాస్ అలమోస్ గుట్టల మీద రహస్య ప్రయోగశాల మొదలైంది. దేశదేశాల నుంచి వచ్చిన భౌతిక శాస్త్రవేత్తలు అక్కడ చేరారు. రోజంతా వాళ్ల నోట నలిగిన లెక్కల్లో 10 నానోసెకన్ల వ్యవధి మళ్లీ మళ్లీ వచ్చేది. దానికి నానుడిలోంచి ఒక ఊపును తీసి పేరు పెట్టుకున్నారు. ఇది అతిశయోక్తితో కూడిన హాస్యం. గొర్రెపిల్ల సెకనుకు ఐదుసార్లు తోక ఊపుతుందనుకున్నా, ఒక్క ఊపు పూర్తయ్యేలోగా రెండు కోట్ల షేక్‌లు గడిచిపోతాయి.

ఆ తరం ఇలాంటి పేరు పెట్టడం ఇదొక్కసారే కాదు. 1942 డిసెంబరులో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మార్షల్ హాలోవే, చార్లెస్ బేకర్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు కేంద్రకం న్యూట్రాన్‌కు ఎంత వెడల్పుగా కనిపిస్తుందో కొలవడానికి బార్న్ అనే ప్రమాణం అనుకున్నారు. బార్న్ అంటే అమెరికా పల్లెల్లో ధాన్యం, పశువులు ఉంచే పెద్ద కొట్టం. చదరపు సెంటీమీటరును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్క భాగాన్ని మళ్లీ లక్ష కోట్ల భాగాలు చేస్తే వచ్చేది ఒక బార్న్. మామూలు కంటికి అది శూన్యంతో సమానమే. కానీ కేంద్రకాల లోకంలో ఒక న్యూట్రాన్‌కు అది గురి తప్పడానికి వీల్లేనంత పెద్ద కొట్టం. యురేనియం కేంద్రకం అడ్డుకొలత వైశాల్యం ఒకటిన్నర బార్న్‌ల పైచిలుకు.

ఇక్కడ మరో కారణం కూడా ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇవాళ సులువుగా నోట వచ్చే "నానో" అనే ఉపసర్గ ఆనాటికి అధికారికంగా లేనేలేదు. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ దాన్ని ఆమోదించింది 1960లో. 1943లో అదే వ్యవధిని చెప్పాలంటే మిల్లీమైక్రోసెకను అని రెండు ఉపసర్గలు అతికించాలి, లేదా పది మైనస్ ఎనిమిదో ఘాతం అని ప్రతిసారీ చదవాలి. రోజుకు వందసార్లు పలకాల్సిన మాట అంత పొడుగ్గా ఉంటే ఎవరైనా కుదించుకుంటారు. పొలం దగ్గర రైతు చదరపు మీటర్లలో మాట్లాడడు. ఆంధ్రలో సెంట్లు అంటాడు, తెలంగాణలో గుంటలు అంటాడు. చేతిలో ఉన్న పనికి ఒకటి, రెండు, పది అనే చిన్న అంకెల్లో జవాబు వచ్చే కొలతే వాడుకలో నిలుస్తుంది.

జానెడు లోపు ప్రయాణం

ఇంతకీ 10 నానోసెకన్లే ఎందుకు? 20 ఎందుకు కాదు, 1 ఎందుకు కాదు? సమాధానం న్యూట్రాన్ ప్రయాణంలో ఉంది.

యురేనియం-235 కేంద్రకం చీలినప్పుడు రెండు పెద్ద ముక్కలతో పాటు సగటున రెండున్నర న్యూట్రాన్లు బయటికి వస్తాయి. వాటి వేగం సెకనుకు ఒకటిన్నర నుంచి రెండు కోట్ల మీటర్ల మధ్య ఉంటుంది. కాంతి వేగంలో ఇరవయ్యో వంతు దరిదాపు అన్నమాట. ఇలా దూసుకొచ్చిన న్యూట్రాన్ శుద్ధమైన యురేనియం-235 లోహంలో మరో కేంద్రకాన్ని చీల్చేలోగా సగటున దాదాపు 15 సెంటీమీటర్ల దూరం తిరుగుతుంది. జానెడుకు కాస్త తక్కువే. ఆ దూరాన్ని ఆ వేగంతో భాగిస్తే 10 నానోసెకన్ల దగ్గర తేలుతుంది. 1943 ఏప్రిల్‌లో లాస్ అలమోస్‌కు కొత్తగా వచ్చినవారికి రాబర్ట్ సెర్బర్ ఇచ్చిన పరిచయ ఉపన్యాసాల్లోని లెక్క కూడా ఇదే.

చీలిక అనే ఘటన మాత్రం దీనికంటే ఎన్నో రెట్లు వేగంగా ముగుస్తుంది. కేంద్రకం చీలడానికి, న్యూట్రాన్లు ఊడిపడడానికి పట్టే కాలం షేక్‌లో లక్షల వంతులోపే. సమయమంతా దారిలోనే ఖర్చవుతుంది. బస్టాండులో టికెట్ తీసుకోవడానికి నిమిషం, ఊరు చేరడానికి పూట పట్టినట్టు. కాబట్టి షేక్ కొలిచేది చీలికను కాదు, ఒక చీలిక నుంచి మరో చీలికకు న్యూట్రాన్ చేసే ప్రయాణాన్ని. దీన్నే శాస్త్రవేత్తలు ఒక "తరం" అంటారు. తల్లి చీలిక, పిల్ల చీలిక, మనవరాలు చీలిక అనే వరసలో.

70 షేక్‌ల నిశ్శబ్దం

ఒక్కో తరంలో చీలికలు రెట్టింపవుతాయనుకుందాం. రెండున్నర న్యూట్రాన్లలో కొన్ని బయటికి జారిపోతాయి, కొన్ని ఊరికే పీల్చుకోబడతాయి, రెండు పనిచేస్తాయి. ఇది పాఠ్యపుస్తకాల సరళ లెక్క. నిజంలో ఆ సంఖ్య ముక్క పరిమాణాన్ని, సాంద్రతను బట్టి మారుతుంది. కానీ స్వభావం అర్థం కావడానికి ఇది చాలు.

చదరంగం గడుల్లో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయిన కథ తెలిసిందే. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. పదో తరానికి వెయ్యి దాటుతుంది, ఇరవయ్యో తరానికి పది లక్షలు, ముప్పయ్యో తరానికి వంద కోట్లు. చదరంగం 64 గడులతో ఆగిపోతుంది. కిలో యురేనియం-235లో ఉన్న కేంద్రకాలన్నీ చీలిపోవాలంటే ఇంకో 16 గడులు కావాలి. మొత్తం 80 తరాలు, అంటే 80 షేక్‌లు, అంటే మైక్రోసెకనులో ఐదింట నాలుగు వంతులు.

ఒక్కో చీలిక విడుదల చేసే శక్తి సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని టీఎన్‌టీ పేలుడు పదార్థంలోకి మార్చి, తరం తరానికీ కూడుకుంటూ పోతే లెక్క ఇలా వస్తుంది. 50 షేక్‌లు గడిచేసరికి మొత్తం విడుదలైన శక్తి దాదాపు 17 గ్రాముల టీఎన్‌టీకి సమానం. అరచేతిలో పట్టేంత. 60 షేక్‌లకు 17, 18 కిలోలు. 70 షేక్‌లకు 18 టన్నులు, ఒక లారీ లోడు. 80 షేక్‌లకు 18 వేల టన్నుల పైమాటే. అంటే తొలి 70 షేక్‌లలో ఒక లారీ సరుకు, చివరి పదింటిలో వెయ్యి లారీల సరుకు. చివరి ఏడు షేక్‌లలోనే 99 శాతానికి పైగా శక్తి వెలువడుతుంది.

అణుబాంబు ఇంజినీరింగ్‌లో పోటీ అంతా ఈ చివరి కొన్ని షేక్‌ల కోసమే. లోహం వేడెక్కి, వ్యాకోచించి, ముక్క పలచబడితే న్యూట్రాన్లు ఎక్కువగా బయటికి జారిపోతాయి, గొలుసు ఆగిపోతుంది. తనను తాను ఆర్పేసుకునే మంట లాంటిది ఇది. ఆఖరి తరాలు పూర్తయ్యాక ఆగిందా, రెండు మూడు తరాల ముందే ఆగిందా అన్న దాన్నిబట్టి పేలుడు తీవ్రత ఎన్నో రెట్లు మారిపోతుంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద వేసిన బాంబులో 64 కిలోల యురేనియం ఉంటే, నిజంగా చీలింది కిలోకు లోపే. అది చాలు, సుమారు 15 కిలోటన్నుల, అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ అంతటి పేలుడుకు.

ఆ బాంబు నేలకు దాదాపు 580 మీటర్ల ఎత్తున పేలింది. కాంతి ఒక షేక్‌లో 3 మీటర్లు వెళుతుంది. 580 మీటర్లు దిగడానికి దానికి 190 షేక్‌ల పైన కావాలి. గొలుసు చర్య 80 షేక్‌ల చిల్లరలో ముగిసింది. అంటే తొలి చీలికతో పాటు కాంతి కిరణం ఒకటి కిందికి బయల్దేరి ఉంటే, అది సగం దారి కూడా దాటకముందే పైన అంతా అయిపోయింది. నగరానికి ఇంకా ఏమీ చేరలేదు.

రియాక్టర్ గడియారం వేరు

"అణు విద్యుత్ కేంద్రం కూడా బాంబులాగే పేలుతుందా?" అన్న ప్రశ్న ఏ అణు వార్త వచ్చినా మళ్లీ లేస్తుంది. షేక్‌ల లెక్కలో చూస్తే ఈ రెంటికీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారుచేస్తుంది. వాటిలో ఉండేది సహజ యురేనియం. అందులో చీలికకు లొంగే యురేనియం-235 వాటా 0.7 శాతమే. వేగంగా పోయే న్యూట్రాన్లతో ఇందులో గొలుసు నిలవదు. న్యూట్రాన్లను నెమ్మదింపజేయాలి. ఆ పని చేసేది మణుగూరు లాంటి చోట్ల తయారయ్యే భారజలం, అంటే మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ ఉండే నీరు. న్యూట్రాన్ భారజలంలో ఢీకొంటూ, వేగం కోల్పోతూ, తిరిగి తిరిగి చివరికి ఏదో ఇంధన కడ్డీలో చిక్కుతుంది. ఈ తిరుగుడుకు పట్టే కాలం మిల్లీసెకను దరిదాపు. షేక్‌లలో చెబితే లక్ష దరిదాపు. బాంబులో ఒక్క షేక్‌లో అయ్యే లంకె ఇక్కడ లక్ష షేక్‌లు తీసుకుంటుంది. వేగవంతమైన న్యూట్రాన్లతోనే నడిచే బ్రీడర్ తరహా రియాక్టర్లలో మాత్రం ఈ వ్యవధి పదుల షేక్‌ల స్థాయికి దిగుతుంది.

మిల్లీసెకను కూడా మనిషి చేతికి, మోటారుకు అందనంత చిన్నదే. న్యూట్రాన్లను పీల్చుకుని గొలుసును అదుపుచేసే నియంత్రణ కడ్డీ కదలడానికే అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ సమయం కావాలి. రియాక్టర్లను అదుపులో ఉంచేది నిజానికి మరో ప్రకృతి ధర్మం. చీలికలో పుట్టే న్యూట్రాన్లన్నీ వెంటనే రావు. యురేనియం-235లో ప్రతి వెయ్యింటిలో ఆరేడు ఆలస్యంగా వస్తాయి. చీలిన ముక్కల్లో కొన్ని, బ్రోమిన్-87 లాంటివి, కాసేపు అలాగే ఉండి తర్వాత న్యూట్రాన్‌ను వదులుతాయి. ఆ కాసేపు సెకనులో కొంత భాగం నుంచి దాదాపు నిమిషం వరకు ఉంటుంది. ఒక్క నిమిషమంటే 600 కోట్ల షేక్‌లు.

రియాక్టర్‌ను ఈ ఆలస్యపు న్యూట్రాన్ల మీద ఆధారపడేలా నడుపుతారు. అవి లేకుండా గొలుసు తనంతట తాను నిలవకూడదు. న్యూట్రాన్ల సంఖ్య తరానికి వెయ్యిలో ఒక వంతు పెరుగుతోందనుకుందాం. తరం వ్యవధి మిల్లీసెకనులో పదో వంతు ఉండే మామూలు నీటి రియాక్టర్ తరహాలో, వెంటనే వచ్చే న్యూట్రాన్లే ఉంటే శక్తి రెట్టింపు కావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆలస్యపు న్యూట్రాన్లు కలిస్తే అదే రెట్టింపునకు అర నిమిషం నుంచి నిమిషం దాకా పడుతుంది. కడ్డీ దించడానికి, ఆపరేటర్ చూసుకోవడానికి అది బోలెడు వ్యవధి. వెయ్యికి ఆరేడు న్యూట్రాన్ల బద్ధకం వల్లనే అణు విద్యుత్తు సాధ్యమైంది.

ప్రమాదాలు జరగవని కాదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో శక్తి అదుపు తప్పి రియాక్టర్ బద్దలైంది. కానీ అక్కడ ఉధృతి సెకన్ల లెక్కలో సాగింది. నీరు ఆవిరై పీడనం పెరిగి నిర్మాణం చీలిపోయింది. షేక్‌ల లెక్కలో 80 తరాలు దాటడమంటే వేరే పదార్థం, వేరే కూర్పు కావాలి.

త్రుటి, జిఫ్ఫీ, స్వెడ్‌బర్గ్

చిన్న కాలానికి పేరు పెట్టే అలవాటు పాతదే. "తృటిలో తప్పింది" అని వార్తల్లో రోజూ చదువుతుంటాం. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో ఇచ్చిన విభజన ప్రకారం రోజును 291 కోట్ల 60 లక్షల భాగాలు చేస్తే ఒక్కటి త్రుటి. నేటి లెక్కలో సుమారు 30 మైక్రోసెకన్లు, షేక్‌లలో దాదాపు 3 వేలు. అంటే భాస్కరుడి త్రుటి ఒక్కటి గడిచేలోగా 80 షేక్‌ల గొలుసు చర్య ఒకదాని వెనక ఒకటిగా 37 సార్లు జరిగిపోగలదు. త్రుటి కొలవడానికి కాదు, లెక్కలో పూర్తిగా విభజించుకుంటూ వెళ్లడానికి పుట్టింది. షేక్ పుట్టింది దానికి ఎదురు దారిలో. ముందు సంగతి ఉంది, తర్వాత పేరొచ్చింది.

ఇంగ్లిష్‌లో క్షణం అనే అర్థంలో వాడే జిఫ్ఫీ పరిస్థితి దీనికి భిన్నం. రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ దాన్ని కాంతి ఒక సెంటీమీటరు వెళ్లే కాలంగా ప్రతిపాదించాడు. ఆ లెక్కన షేక్‌కు 300 జిఫ్ఫీలు. కంప్యూటర్ నిపుణుల జిఫ్ఫీ మాత్రం యంత్రంలోని టైమర్ ఒక టిక్కు, కొన్ని మిల్లీసెకన్లు. ఒకే మాటకు రెండు అర్థాల మధ్య కోట్ల రెట్ల తేడా! షేక్‌కు ఇలాంటి గందరగోళం లేదు. అది ఒకే వృత్తివాళ్ల చేతిలో, ఒకే విలువతో ఉండిపోయింది.

జీవరసాయన శాస్త్రంలో స్వెడ్‌బర్గ్ కూడా కాలమానమే. 2009లో నోబెల్ అందుకున్న వెంకట్రామన్ రామకృష్ణన్ నిర్మాణాన్ని ఛేదించిన రైబోజోమ్ (జీవకణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రం) భాగం పేరు 30ఎస్. ఆ "ఎస్" స్వెడ్‌బర్గే. ఒక షేక్‌లో లక్ష స్వెడ్‌బర్గ్‌లు ఉంటాయి. చిత్రమేమిటంటే అక్కడ ఎవరూ దాన్ని కాలంగా భావించరు. సెంట్రిఫ్యూజ్‌లో కణం ఎంత చురుగ్గా అడుగుకు చేరుతుందో చెప్పే గుర్తుగానే చూస్తారు.

షేక్ స్థాయి కాలం ఇవాళ మనకు అంత దూరమేమీ కాదు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక షేక్‌లో 30 టిక్కులు వేస్తుంది. ఉపగ్రహ గడియారం ఒక్క షేక్ తప్పితే ఫోన్‌లో మ్యాప్ 3 మీటర్లు పక్కకు జరగొచ్చు. 2011లో న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతికంటే వేగంగా వెళ్లాయన్న వార్త ప్రపంచమంతా చుట్టింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాస్సో ప్రయోగశాలకు 730 కిలోమీటర్లు. న్యూట్రినోలు అనుకున్నదానికంటే 60 నానోసెకన్లు, అంటే ఆరు షేక్‌లు ముందు వచ్చినట్టు కనిపించింది. చివరికి దోషం సరిగ్గా బిగించని ఒక ఫైబర్ కేబుల్‌లో తేలింది.

ఇంకా ఎక్కడ బతికుంది

నానోసెకను అందరి నోళ్లలో నానాక షేక్ మాయమై ఉండాల్సింది. మాయం కాకపోవడానికి ప్రధాన కారణం సాఫ్ట్‌వేర్. న్యూట్రాన్లు, గామా కిరణాలు పదార్థంలో ఎలా తిరుగుతాయో లెక్కించడానికి లాస్ అలమోస్‌లో తయారైన ఎంసీఎన్‌పీ అనే ప్రోగ్రామ్‌ను రియాక్టర్ రూపకల్పన నుంచి రేడియేషన్ చికిత్స ప్రణాళిక దాకా, చమురు బావుల పరీక్ష దాకా ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో పొడవు సెంటీమీటర్లలో, శక్తి మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో, అడ్డుకొలత వైశాల్యం బార్న్‌లలో, కాలం షేక్‌లలో ఇవ్వాలి. యుద్ధకాలపు యాస ప్రోగ్రామ్‌లో పాతుకుపోయి, బాంబుల ఊసే లేని పరిశోధక విద్యార్థి దాకా చేరింది. జెర్క్ అనే మరో మాట కూడా ఆ కుదురులోదే. అది 100 కోట్ల జౌళ్లు, దాదాపు పావు టన్ను టీఎన్‌టీ.

కొత్తగా నేర్చుకునేవారు తడబడేది కూడా ఇక్కడే. ఒక డిటెక్టర్‌కు న్యూట్రాన్లు 500 నానోసెకన్లలోపు ఎన్ని చేరాయో తెలుసుకోవాలనుకుని కాలం గడిలో 500 అని రాస్తే, ప్రోగ్రామ్ దాన్ని 500 షేక్‌లుగా, అంటే 5 వేల నానోసెకన్లుగా తీసుకుంటుంది. ఎర్రగీత గీయదు, ఆగదు, చక్కగా లెక్క చేసి జవాబు ఇచ్చేస్తుంది. జవాబు తప్పన్న సంగతి గ్రాఫ్ గీసి చూస్తే తప్ప బయటపడదు. ఆ గడిలో రాయాల్సింది 50.